పది కిలోమీటర్లు ఆపండి, ముందు ఆ కాలి నొప్పి సంగతి చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి ఇంటర్ అయింది. అగ్నివీర్‌కు, అంటే ఆర్మీలో నాలుగేళ్ల కొలువుకు వెళ్తానంటున్నాడు. రెండు నెలలుగా రోజూ నాలుగింటికి లేపి పది కిలోమీటర్లు పరిగెత్తిస్తున్నాను. అయినా 1.6 కిలోమీటర్లకు 6 నిమిషాల 20 సెకన్లు పడుతోంది. కాలి ముందెముక నొప్పి అంటున్నాడు. ఆర్మీ కోచింగ్ ఇచ్చే డిఫెన్స్ అకాడమీ హాస్టల్లో వేయాలా, డిగ్రీలో చేర్చి ఇక్కడే ప్రాక్టీసు చేయించాలా? – ఓ తండ్రి, చీపురుపల్లి

జవాబు: మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అకాడమీయా, డిగ్రీయా అని అడుగుతున్నారు గానీ మీ బెంగ వేరు. ఈసారి తప్పితే కుర్రాడు దేనికీ కాకుండా పోతాడేమోనని. అలా ఏమీ కాదు. నొప్పితో పరిగెత్తి కూడా ఆ టైము తెస్తున్నాడంటే పిల్లాడిలో సరుకుంది.

కోపం తెచ్చుకోకండి, ఆ నొప్పి తెచ్చింది మీరే. పరుగు మొదలెట్టిన కొన్ని వారాలకే గుండె, ఊపిరితిత్తులు పుంజుకుంటాయి. ఎముకలు గట్టిపడటానికి నెలలు కావాలి. ఆయాసం లేదు కదా అని దూరం పెంచితే దెబ్బ ముందెముక మీద పడుతుంది. అరిగిన బూట్లు, తారురోడ్డు తోడైతే మరీను. నొప్పి మీదే పరిగెత్తిస్తే ఎముకకు సన్నని పగులు వచ్చి నెలల తరబడి గ్రౌండుకు దూరమవుతాడు. పరుగులో అలిసిన కండ బాగుపడేది నిద్రలో. నాలుగింటికి లేపుతున్నారు సరే, తొమ్మిదికల్లా పడుకోనిస్తున్నారా? చోడి (రాగి) అంబలి, గుడ్డు, పప్పు వేళకు అందుతున్నాయా?

ఇంకో మాట. ఒంటికి ఏది అలవాటు చేస్తే అదే వస్తుంది. నెమ్మదిగా పది కిలోమీటర్లు ఈడిస్తే 1.6 కిలోమీటర్ల వేగం రాదు. ఆర్మీ పరుగు పరీక్షలో పూర్తి 60 మార్కులకు 5 నిమిషాల 30 సెకన్లు కావాలి, అంటే 400 మీటర్ల రౌండుకు సుమారు 82 సెకన్లు. ఇప్పుడు మీవాడికి 95 పడుతోంది. నొప్పి పూర్తిగా తగ్గాక వారానికి ఒకటి, రెండు రోజులు 90 సెకన్ల చొప్పున నాలుగు రౌండ్లు చేయించండి, మధ్యలో రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి. ఆ 90ని మెల్లగా దించుకు రావాలి. మిగతా రోజుల్లో పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత నెమ్మదిగా మూడు నాలుగు కిలోమీటర్లు, అదీ మట్టి మీద. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించాలి. పులప్స్‌కీ ఇదే పద్ధతి. నాలుగే తీయగలిగితే రోజు విడిచి రోజు రెండేసి చొప్పున ఐదారు విడతలు తీయమనండి.

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరని మీకు తెలియనిది కాదు. అక్కడి పిల్లలు మొదటి రోజే వంద కిలోలు ఎత్తరు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తారు. ఆ బరువు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరిగినదే. మీకు రెండు నెలలకే తొందరెందుకు?

అకాడమీల మీద నా అనుమానం దాచను. 2023 నుంచి ఆర్మీ అగ్నివీర్‌కు ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, అది దాటినవాళ్లకే గ్రౌండులో పరుగు, పులప్స్ పరీక్ష. చాలా అకాడమీల ఫ్లెక్సీల మీద మాత్రం పరుగు ఫొటోలే కనిపిస్తాయి. రాతపరీక్షకు లెక్కలు ఎవరు చెబుతారంటే జవాబు ఉండదు. వందమందిని ఒకే వరసలో నిలబెట్టి, నిరుడు చేరినవాడినీ నిన్న చేరినవాడినీ ఒకే దూరం పరిగెత్తిస్తారు. నొప్పి అన్న పిల్లాడికి మాత్ర మింగించి మళ్లీ గ్రౌండులోకి తోలిన చోటు నేను కళ్లారా చూశాను. మంచివి లేవని కాదు. డబ్బు కట్టే ముందు ఒక ఉదయం చెప్పకుండా వెళ్లి గ్రౌండు పక్కన నిలబడండి. కొత్తవాళ్లకు వేరే బ్యాచి ఉందా, నొప్పి అన్నవాణ్ని ఏం చేస్తున్నారో చూడండి. అప్పు చేసి మాత్రం కట్టకండి.

నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌గా ఉంచుకునేది బ్యాచ్‌లో 25 శాతం వరకే. మిగిలినవాళ్లకు చేతిలో చదువు ఉండాలి. డిగ్రీ అడ్మిషన్ వదలకండి. సాయంత్రం గంటసేపు పదో తరగతి లెక్కలు చేయించండి. ఈ వారం పరుగు మాన్పించి, ఎముకల డాక్టరుకు కాలు చూపించండి. ఫీజు మాట ఆ తర్వాత.