ఆకలి ఆపుకోలేకపోవడం మనోబలం లేకనా?

పొట్ట రావడం నోరు కట్టుకోలేకేనా, గంజాయిని పోలిన రసాయనాలు మన ఒంట్లోనే పుట్టి ఆకలి రేపుతాయట, వాటిని ఆపే మాత్ర ఉందా అని అడిగారు. ఉండేది. మా అక్క మింగింది కాబట్టి చెబుతున్నా.

2008 మాట. అక్క అప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో ఉండేది. షుగర్ బార్డర్లో, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) ఎక్కువ. ఎవరో చెప్పారని ఆ మాత్ర, పేరు రిమోనబాంట్, తెచ్చుకుంది. మందుల షాపతను చీటీ కూడా అడగలేదు. యాంటీబయాటిక్సూ ఇంతే, పిప్పరమెంట్లు ఇచ్చినట్టు ఇచ్చేస్తారు. దీని మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు.

మాత్ర పనిచేసింది, జాకెట్లు వదులయ్యాయి. మేలో గంగమ్మ జాతరకు వెళ్లాను. జాతరంటే అక్కకు ప్రాణం, పిల్లోడికి బైరాగి వేషం తనే వేసేది. ఆ ఏడు వాడు నామం సుద్ద గిన్నె పట్టుకొని ఎదురుగా నిలబడితే, "మీ పిన్నిని అడుగు పో" అని గోడవైపు తిరిగి పడుకుంది. సంగటి పెడితే ముద్దలో వేలితో గుంట చేసి, కోడిపులుసు పోసుకోకుండా అట్నే కూర్చుంది. "తినక్కా" అంటే, "తిని ఏం చేయాల, బతికి ఏం చేయాల" అనింది. నాకు ఒళ్లు జల్లుమంది. మరుసటి రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మాత్రలు మాన్పించాడు. కొన్ని వారాలకు మా అక్క మాకు దక్కింది.

ఆ మాత్ర అడ్డుకునేది సీబీ1 గ్రాహకాన్ని, అంటే మీరడిగిన గంజాయిలాంటి రసాయనాలు వచ్చి అతుక్కునే, కణాల మీది తాళం లాంటిదాన్ని. అది మెదడులో ఆకలినీ చూస్తుంది, మనసు కుదురునూ చూస్తుంది. కాలేయంలో, కొవ్వు కణాల్లో ఉండి కొవ్వునూ పోగేయిస్తుంది. అందుకే బరువూ ట్రైగ్లిజరైడ్లూ తగ్గి, మంచి కొలెస్ట్రాల్ పెరిగినా, కొందరికి దిగులూ ఆత్మహత్య ఆలోచనలూ వచ్చాయి. యూరప్ 2006లో అనుమతించి 2008 అక్టోబరులో ఆపింది. అమెరికా నిపుణుల కమిటీ 2007లోనే వద్దంది. మన దేశంలో నిషేధం వచ్చింది 2009 డిసెంబరులో! అన్నాళ్లు ఎందుకు పట్టాలి?

మెదడులోకి అంతగా పోని కొత్త మాత్రల్ని ఇప్పుడు పరీక్షిస్తున్నారు. మా ఇంట్లో మాత్రం ఎవరినీ ముట్టనివ్వను.

ఒక్క గ్రాహకాన్ని మూస్తే చచ్చిపోయే ఆకలికి మనోబలం అని పేరేంటి? ఎవరింట్లో విందు జరిగినా అక్క విస్తరి వైపు చూసి "నోరు కట్టుకోవే" అనే బంధువులకు నేనిదే చెబుతాను. మీరు నడుము కొలుచుకోండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి, డాక్టరు దగ్గర, షాపులో కాదు.