42 పేజీలు పక్కన పెట్టు బిడ్డా

బిడ్డా,

నీ నాటకం చేరింది. 42 పేజీలూ చదివాను. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పుట్టినదానివి, నీళ్లలో ఎముకలు వంచేసే ఈ ఫ్లోరైడ్ మీద నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు? డైలాగులు బాగున్నాయి, కొన్నిచోట్ల మరీ బాగున్నాయి. చిక్కంతా అక్కడే. సర్పంచ్, డాక్టరు, ముసలాయన ముగ్గురూ నీలాగే మాట్లాడుతున్నారు. పన్నెండు మందిమి కలిసి నాటకం కడుతున్నాం అన్నావు. మరి మిగతా పదకొండు మందికి బట్టీ పట్టడం తప్ప ఏం మిగిల్చావు?

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కింద మహబూబ్‌నగర్‌లో పాలమూరు వలస మీద ఒక నాటకం మొదలుపెట్టాం. ముంబై బస్సెక్కే ముందు తల్లి, నానమ్మ దగ్గర వదిలిపోతున్న కూతురితో పేజీన్నర మాట్లాడుతుంది. రాసేటప్పుడు నాకే కళ్లనీళ్లొచ్చాయి. రిహార్సల్‌లో ఎవరికీ రాలేదు. విసుగొచ్చి స్క్రిప్టు మూసేసి, "మాటలొద్దు. బస్సొచ్చింది, ఎక్కండి" అన్నాను. రెండు బెంచీలే బస్సు. మూటలు ఎత్తుతున్నారు, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి తలలు లెక్కపెడుతున్నాడు. కూతురి వేషం వేసిన అమ్మాయిది కోస్గి దగ్గర పల్లె. మెల్లగా వచ్చి, తల్లి చెప్పులు తీసుకుని, లంగా కింద దాచుకుని కూర్చుంది. తల్లి వేషం వేసినామె అటూ ఇటూ వెతికింది, పిల్ల మొహం చూసింది, వట్టికాళ్లతో బస్సెక్కింది. నా పేజీన్నర అక్కడితో సరి.

మర్నాడు మళ్లీ చెయ్యమంటే ఆ సీను చచ్చిపోయింది. చెప్పులు ఎక్కడున్నాయో తల్లికి ముందే తెలుసు, తనది గొప్ప సీనని పిల్లకు తెలుసు. రెండు రోజులు తన్నుకులాడాక ఒక దారి దొరికింది. చెప్పులు రోజుకో చోట దాచాలి. డ్రైవరు మూడోసారి హారన్ కొట్టేలోపు దొరికితే వేసుకుని పోవాలి, లేకపోతే వట్టికాళ్లతోనే. మళ్లీ ప్రాణం వచ్చింది. అప్పటి నుంచి నోట్‌బుక్‌లో నేను రాసుకునేది ఇంతే: ఎవరికేం కావాలి, ఏది అడ్డం, వస్తువు ఎక్కడుంది. మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకో, కానీ ఆ రాత్రే కూర్చుని కాగితం మీదికి ఎక్కించకు. ఎక్కించావో, నీకు తెలియకుండానే దిద్దేస్తావు.

ఇదేమీ మనం కొత్తగా కనిపెట్టింది కాదు. బుర్రకథలో కథ ముందే ఉంటుంది, కానీ ఆ ఊరి సంగతి, ఆ పూట సంగతి పక్కన పాడే వంతలు అందుకుంటారు. పెద్ద నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ అంతటివారే ఛత్తీస్‌గఢ్ పల్లె నాటకమైన నాచా కళాకారులకు మొదట్లో హిందీ డైలాగులిచ్చి, ఇక్కడ నిలబడు అక్కడ నిలబడు అని చేయించి చూశారు. పల్లెలో అదరగొట్టే నటులు కొయ్యబారిపోయారు. వాళ్ల భాష, వాళ్ల కదలిక వాళ్లకు వదిలేశాకే దారి దొరికింది. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. నీకు వారం పడితే టెన్షన్ పడకు.

సీన్ల కోత మాత్రం నీ చేతిలోనే ఉండాలి. కలిసి కట్టాం కదా అని కలిసి కొయ్యడం మొదలుపెడితే పంచాయితీయే. మూడు గంటల సరుకు పోగైతే నిలిచేది నలభై నిమిషాలు. ఎవరి సీను పోతుందో వాళ్లకు ముందే పక్కకు పిలిచి చెప్పు. నేను ఒక పిల్లగాడి సీను అందరి ముందే తీసేశాను, మర్నాటి నుంచి అతను రాలేదు. ఇంకొకటీ చెప్పాలి. ఒక పోటీకి వెళ్తే కరపత్రంలో రచన అని నా ఒక్కడి పేరే వేశారు. చెప్పుల సీను ఆ కోస్గి అమ్మాయిది. సవరించమని నేను నోరు తెరవలేదు.

ఇక నీ నాటకం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని డాక్టరు చేత చెప్పించావు. లెక్క సరైనదే, కానీ స్టేజీ మీద మిల్లీగ్రాము కనపడదు. తలా ఒక వస్తువు తెమ్మను: చెంబు, ఇరవై లీటర్ల డబ్బా, పాత బోరింగు పిడి, నీళ్లతో సంబంధం ఉన్నదేదైనా. మొదటి వారం వాటితోనే గడపండి. వంకర నడక మాత్రం ఎవరూ అనుకరించొద్దు. ఊళ్లో ఆడేటప్పుడు ముందు వరసలో అలాంటి పెద్దాయనే కూర్చుని ఉంటాడు. వెన్ను బిగుసుకుపోయినవాళ్లకు మెడ తిరగదు, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తారు. మీరూ ఒక గంట మెడ కదపకుండా పనులు చేసి చూడండి. తర్వాత, ఊళ్లోకి కృష్ణా నీళ్ల నల్లా వచ్చిన రోజు. అందరూ తలలు వెనక్కి వాల్చి, చెంబులెత్తి గటగటా తాగుతున్నారు. మెడ వాలని ఆయన ఆ నీళ్లు ఎట్లా తాగుతాడు? ఇది నువ్వు రాయకు. వాళ్లు చేస్తుంటే చూడు.

వచ్చే ఆదివారం దేవరకొండ మీదుగా బస్సులో వస్తాను. చాపలు చాలు. నాకు మాత్రం ఒక కుర్చీ వెయ్యి, ఈ మోకాళ్లతో కింద కూర్చుంటే లేవలేను.