ఫైబర్ బోటు అడుగు అరిగితే పుట్టీ చాలదు

ప్రశ్న: మాది చీరాల దగ్గర వాడరేవు. నాన్నగారి ఫైబర్ బోటు సునామీ తర్వాతి సంవత్సరాల్లో వచ్చింది, 28 అడుగులు. రోజూ ఇసుక మీద లాగీ లాగీ అడుగంతా అరిగిపోయింది. కీల్ (అడుగు మధ్యన ముందు నుంచి వెనక దాకా ఉండే వెన్నుగట్టు) పొడవునా తెల్లటి పీచు బయటపడింది, వెనకవైపు నీళ్లు ఊరుతున్నాయి. ఏటా వేట నిషేధంలో పుట్టీ పెట్టించి రంగు వేయిస్తున్నాం. దసరా నాటికి మళ్లీ మామూలే. కొత్తది కొనే స్తోమత లేదు. ఈ బోటు బాగుపడుతుందా?

జవాబు: బాగుపడుతుంది. కొత్తది కొనమని మీకు ఎవరు చెప్పినా, ముందు ఒక్కసారి బోటును తిరగేసి చూడమనండి. ఫైబర్ చెక్కలా కుళ్లిపోదు, ఇనుములా తుప్పు పట్టదు. అరిగినచోట మళ్లీ పొరలు కట్టుకుంటూ పోతే ఇంకా చాలా ఏళ్లు వేటకు పంపొచ్చు. నా పనంతా ఇలాంటి బోట్లతోనే గడిచింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

అయితే పుట్టీ సంగతి మర్చిపోండి. పీచు కనిపిస్తోందంటే పైనుండే జెల్‌కోట్ అనే నున్నటి పూత ఎప్పుడో పోయింది, దాని కింద మ్యాట్ (గాజు పోగుల చాప) కూడా కొన్ని పొరలు ఇసుకపాలైంది. బోటు బలమంతా ఆ గాజు పోగుల్లో ఉంది. పుట్టీ అంటే రెజిన్‌లో (గాజు పోగులను అతికించి గట్టిపడే ద్రవం) కలిపిన పొడి, అంతే. గుంటను నింపుతుంది తప్ప లాగుడుకు ఆగదు. కెరటం మీద నుంచి బోటు ఇసుక మీద పడిన ప్రతిసారీ అడుగు కాస్త వంగి లేస్తుంది, ఆ వంపుకు పుట్టీ పగిలి రాలిపోతుంది. మీకు దసరా దాకా ఆగడమే ఎక్కువ.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు మీకు చేతిలో ఉంటాయి. అందులో మొదటి మూడు వారాలు బోటును ఆరబెట్టడానికే వదిలేయండి. అందరూ తప్పించే పని ఇదే. మొదటి రోజే బోర్లా వేసి, మంచినీళ్లతో రుద్ది కడిగి ఉప్పంతా పోగొట్టండి. తర్వాత సుత్తి పిడితో అడుగంతా తట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్నచోట టకటకమని ఖణీమనే చప్పుడు వస్తుంది. పొరలు విడిపోయినచోట డొల్లగా, మెత్తగా పలుకుతుంది. డొల్ల పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో గీయండి. ఉబ్బిన బుడగ ఉంటే మొనతో పొడవండి. పుల్లటి, వెనిగర్ లాంటి వాసనతో నీళ్లు కారితే తేమ పొరల్లోకి దిగినట్టు లెక్క, ఆ బుడగ పూర్తిగా తెరవాల్సిందే.

ఇంకో జాగ్రత్త. ఒడ్డుకు లాగే బోట్లలో చాలావాటికి మునగకుండా లోపల ఫోమ్ నింపి ఉంటుంది. వెనక నీళ్లు ఊరుతున్నాయన్నారు కాబట్టి అక్కడి ఫోమ్ తడిసి ఉండొచ్చు. లోపలివైపు నుంచి చిన్న రంధ్రం వేసి చూడండి. నీళ్లు కారితే ఆ ముక్క తీసేసి కొత్తది వేయాలి. తడి ఫోమ్‌ను లోపలే పెట్టి బయట మ్యాట్ కట్టడం దండగ, నాలుగు నెలల్లో అదే పొర లేచిపోతుంది.

ఆరిందో లేదో తెలియాలంటే, పారదర్శకంగా ఉండే పాలిథిన్ ముక్కను అడుగుకు పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసి ఒక రాత్రీ పగలూ ఉంచండి. లోపలివైపు చెమట పడితే ఇంకా ఆగాలి.

ఇక గ్రైండింగ్. పాత రంగు, పుట్టీ, వదులుగా ఉన్న పీచు అంతా పోయి, గట్టి ఫైబర్ వచ్చేదాకా గ్రైండర్ పట్టండి. గుంట అంచు నిట్టనిలువుగా ఉండకూడదు, వాలుగా దిగాలి. లోతు ఎంతో దానికి కనీసం 12 రెట్లు వెడల్పు వాలు ఇస్తే కొత్త పొర పాతదాన్ని పట్టుకుంటుంది. 5 మిల్లీమీటర్లు పోయినచోట ఒక్కోవైపు 6 సెంటీమీటర్లన్నమాట. ఈ పనిలో మాస్కు, కళ్లజోడు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒంటికి తగిలితే రెండు రోజులు దురద.

మ్యాట్ 450 గ్రాములది తీసుకోండి. చేత్తో కట్టిన ఒక్కో పొర దాదాపు 1 మిల్లీమీటరు మందం వస్తుంది కాబట్టి, ఎన్ని మిల్లీమీటర్లు పోయిందో అన్ని పొరలు. కీల్ మీద రెండు పొరల మధ్య ఒకటి నేసిన రోవింగ్ (మందపాటి గాజు పోగుల గుడ్డ) వేస్తే దెబ్బకు బాగా ఆగుతుంది. చిన్న ముక్క ముందు, ఆపైన కొంచెం పెద్దది, అలా పెంచుకుంటూ పోండి. అసిటోన్‌తో తుడిచి, ఆరాక ముందు రెజిన్ పూసి, మ్యాట్ పరచి, బ్రష్‌తో పొడుస్తూ తడపండి. తెల్లగా ఉన్న మ్యాట్ అద్దంలా కిందది కనిపించేలా మారితే రెజిన్ పట్టినట్టు. అప్పుడు గాడుల రోలరుతో గాలి బుడగలు బయటికి తోసేయండి. ఒకేసారి మూడు పొరలకు మించొద్దు, వేడెక్కి పగుళ్లిస్తుంది.

మే ఎండలో పని తెల్లవారుజామునే, పందిరి కింద. కిలో రెజిన్‌కు 10 మిల్లీలీటర్ల హార్డ్‌నర్ సరిపోతుంది. ఎండకు త్వరగా గడ్డకడుతోందని హార్డ్‌నర్ తగ్గించకండి, పచ్చిగానే మిగిలిపోతుంది. దానికి బదులు అరకిలో చొప్పున కలుపుకోండి. గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్ ద్రావణం విడిగా ఇస్తే ముందు దాన్ని రెజిన్‌లో బాగా కలిపాకే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంటలు లేచి పేలుతుంది. ఇది మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లందరికీ చెప్పండి, దండం పెట్టి చెబుతున్నాను. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే పావుగంటసేపు నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీడీలు ఆ దరిదాపుల్లో వద్దు.

చివరి పూత గాలికి జిగటగా మిగులుతుంది. అందుకే అందులో మైనపు ద్రావణం కలుపుతారు. వారం ఆగి, అసిటోన్ గుడ్డతో రుద్దండి. జిగురు తేలకపోతే గట్టిపడినట్టే.

కీల్ కింద గట్టి చెక్కపట్టీ ఒకటి బిగించుకుంటే ఇసుక ఆ చెక్కను తింటుంది, బోటును కాదు. అరిగినప్పుడు పట్టీ ఒక్కటే మార్చొచ్చు. మేకుల రంధ్రాలన్నిటికీ సీలెంట్ నింపాలి. ట్రాక్టరుకు కట్టి లాగేచోట కింద దుంగలు వేయమని పోరండి.

ఒక్కటి మాత్రం చూసుకోండి. లోపలి పక్కటెముకలు అడుగు నుంచి ఊడి ఉంటే, బొటనవేలితో నొక్కితే అడుగు లోనికి పోతుంటే, అది ఒడ్డు మీద చేసే పని కాదు. ఫైబర్ బోట్లు కట్టే యార్డుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: మామూలు పాలియెస్టర్ రెజిన్ బదులు ఎపాక్సీ రెజిన్ వాడితే ఇంకా గట్టిగా ఉంటుందంటున్నారు, నిజమేనా? (భీమునిపట్నం)

జవాబు: పాత ఫైబర్‌కు అతుక్కోవడంలో ఎపాక్సీయే మేలు. పగులు, రంధ్రం వంటి చిన్న పనికి బాగుంటుంది. కానీ ఖరీదెక్కువ, అడుగంతా కట్టాలంటే చాలా అవుతుంది. పైగా మామూలు మ్యాట్‌లోని బంధకం ఎపాక్సీలో సరిగా కరగదు, నేసిన గుడ్డ వాడాలి. ఒకసారి ఎపాక్సీ వేసినచోట మళ్లీ మామూలు రెజిన్ గానీ జెల్‌కోట్ గానీ సరిగా పట్టదు, రెండు డబ్బాల పాలీయురేథేన్ పెయింట్ వేసుకోవాలి. అడుగు పెద్ద ఎత్తున అరిగితే బాగా గ్రైండ్ చేసిన ఫైబర్ మీద ఐసోఫ్తాలిక్ రెజినే (నీటికి బాగా ఆగే పాలియెస్టర్ రకం) నా సలహా.