సెలవుల్లో ఒంటరిగా బ్యూటైల్ లిథియం పట్టుకోవచ్చా?

ప్రశ్న: నేను ఆర్గానిక్ కెమిస్ట్రీ పీహెచ్‌డీలో చేరి మూడు నెలలైంది. సంక్రాంతికి మా ల్యాబ్ సీనియర్లందరూ ఊళ్లకు వెళ్తున్నారు. ఆ సెలవుల్లో టెర్షరీ బ్యూటైల్ లిథియంతో ఒక రియాక్షన్ పెట్టమని మా గైడ్ గారు చెప్పారు. సిరంజీతో 40 ఎంఎల్ తీయాలి. సీనియర్ అక్క చేస్తుంటే ఒక్కసారి దూరం నుంచి చూశాను, అంతే. చేరిన రోజున సేఫ్టీ ట్రైనింగ్ తీసుకున్నట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నారు కానీ ఎవరూ ఏమీ నేర్పలేదు. చేయనంటే భయస్తురాలినని అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు మేడమ్?
– పేరు, ఊరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఆ రియాక్షన్ సెలవుల్లో పెట్టకు. నీకు కలిగిన భయం సరైన భయం.

నీ ఉత్తరం చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో జరిగింది దాదాపు ఇదే. అప్పుడక్కడా సెలవులే. షెరి సాంగ్జీ అనే 23 ఏళ్ల అమ్మాయి ల్యాబ్‌లో చేరి మూడు నెలలు కూడా నిండలేదు. ఇదే టెర్షరీ బ్యూటైల్ లిథియంను 60 ఎంఎల్ ప్లాస్టిక్ సిరంజీతో తీస్తుంటే ప్లంజర్ (సిరంజీలో లాగే కడ్డీ) ఊడి బయటికొచ్చింది. ఆ ద్రవానికి అగ్గిపుల్ల అక్కర్లేదు, గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు, వేసుకున్న స్వెటరేమో సింథటిక్. 18 రోజులు ఆసుపత్రిలో ఉండి, 2009 జనవరి 16న చనిపోయింది. ఆ పనికి ఆమెకు సరైన ట్రైనింగ్ ఇవ్వలేదని అక్కడి కార్మిక భద్రతా విభాగం తప్పుపట్టింది. ప్రొఫెసర్ మీద క్రిమినల్ కేసు కూడా నడిచింది. ఇన్నేళ్లయినా ఆ అమ్మాయి వయసు తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

సెలవు రోజు ల్యాబ్ అంటే ఏమిటో నాకు అనుభవమే. నేను రీసెర్చ్ చేసే రోజుల్లో ఒక దసరా సెలవున ఒక్కదాన్నే కూర్చుని ఈథర్ డిస్టిల్ చేస్తున్నాను. మధ్యలో కుళాయి నీళ్లు ఆగిపోయాయి. ఆవిరిని చల్లార్చే కండెన్సర్ వేడెక్కింది, నేను చూసుకోలేదు. ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది. దాని ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, బల్ల మీద పాకుతుంది. అలా పాకుతూ అవతల బల్ల మీద వెలుగుతున్న బర్నర్‌ను అందుకుంది. భగ్గుమని వెనక్కి మంట వచ్చింది. నా చీర కొంగు అంటుకుంది. తాళాలు వేయడానికి వచ్చిన అటెండర్ గారు కొంగు లాగి నేలకేసి తొక్కి, ఇసుక బకెట్ తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. ఆయన ఆ పూట రాకపోయి ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

అందుకే గైడ్ గారితో ఇలా అను: "సార్, ఈ రియాక్షన్ మొదటిసారి అక్క పక్కనుండగా చేస్తాను. పండగ అయ్యాక వారంలోనే పెడతాను." చేయనని అనడం లేదు కదా, ఎప్పుడు, ఎలా చేస్తావో చెబుతున్నావు. నోటిమాటగా వదిలేయకుండా ఒక కాగితం మీద రాసి ఇవ్వు. ఎంత తీస్తావు, ఏ సిరంజీ, చుక్క కారితే ఏం చేస్తావు, మిగిలింది ఎలా క్వెంచ్ చేస్తావు (అంటే, నిర్వీర్యం చేస్తావు), పక్కన ఎవరుంటారు? అంత రాసి ఇస్తే చదవకుండా పక్కన పెట్టే గైడ్‌లు తక్కువ. అయినా ఒప్పుకోకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికి అదే కాగితం తీసుకెళ్లు. సంతకం సంగతి కూడా అక్కడే చెప్పు. నేర్పని ట్రైనింగ్‌కు సంతకం తీసుకోవడం తప్పు, ఆ తప్పు నీది కాదు.

అక్క వచ్చాక కూడా నేరుగా ఆ బాటిల్ ముట్టుకోకు. అదే సెటప్‌లో, అదే సిరంజీతో, ఉత్త హెక్సేన్ అనే ద్రావకంతో రెండు మూడుసార్లు చేసి చూడు. చెయ్యి వణుకుతుందా, సూది ఎక్కడ జారుతుంది, అన్నీ అప్పుడే తెలుస్తాయి. ప్లంజర్‌ను నువ్వు లాగకూడదు, నైట్రోజన్ ఒత్తిడే ద్రవాన్ని మెల్లగా సిరంజీలోకి నెట్టాలి. సిరంజీని సగానికి మించి నింపకు. 40 ఎంఎల్ అంటే నా లెక్కలో సిరంజీ పనే కాదు, కాన్యులాతో (రెండు వైపులా సూది మొనలున్న సన్నటి గొట్టంతో) బదిలీ చేయాలి. అసలు అంత స్కేల్ మొదటిసారే ఎందుకో కూడా సార్‌ని అడుగు. 2 ఎంఎల్‌తో మొదలుపెట్టొచ్చు.

చున్నీ హాస్టల్లో వదిలేసి రా. పాలిస్టర్ డ్రెస్ వేసుకోకు, అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు బట్టలు, బొత్తాలన్నీ పెట్టుకున్న నూలు ఆప్రాన్, కళ్లద్దాలు, జడ ముడి. నైట్రైల్ గ్లవ్స్ మంటను ఆపవు, వాటిపైన మంటకు తట్టుకునే గ్లవ్స్ ఉండాలి. హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే గూడులో) ఆసిటోన్ వాష్ బాటిల్, హెక్సేన్ బీకర్ లాంటివి ఏవీ ఉంచకు. ద్రవం ఒలికితే నీళ్లు పోయకూడదు, మంటలార్పే సీఓటూ సిలిండర్ వాడకూడదు. పొడి ఇసుక గానీ డ్రై పౌడర్ గానీ చేతికందే దూరంలో ఉండాలి. కానీ మనిషికి అంటుకుంటే మాత్రం ఆలోచించకుండా సేఫ్టీ షవర్ కిందికే. మీ ల్యాబ్ షవర్‌లో నీళ్లు వస్తున్నాయో లేదో రేపే గొలుసు లాగి చూడు. చాలాచోట్ల దాని కింద అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి, నేనే ఎన్నిసార్లు తీయించానో.

బాటిల్ సెప్టం (మూతలోని రబ్బరు బిళ్ల) బాగుంటే ఫ్రిజ్‌లో ఈ పది రోజులకు దానికేమీ కాదు. సార్‌తో రేపు ఉదయమే మాట్లాడి, ఊరికి టికెట్ తీసుకో. షవర్ సంగతి, సార్ ఏమన్నారో కూడా నాకు మళ్లీ రాయి.