క్యాన్సర్‌కి పెట్టే కరెంటు మధ్యలో ఆపకండి, నొప్పి సూదులు వేయించకండి

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ఉండేది. అంగిలి క్యాన్సర్‌కి విశాఖలో కరెంటు పెడుతున్నారు, వారానికోసారి కీమో కూడా. మూడు వారాలకే నోరంతా పూసి ముద్ద దిగడం లేదని ఇంటికి తెచ్చేశాం. జుట్టు ఊడిపోతుందా? మనవలు పక్కన పడుకోవచ్చా?

జవాబు: జుట్టు సంగతి తర్వాత. అక్కడి డాక్టరుకి చెప్పే తీసుకొచ్చారా అమ్మా? ఇలాంటి క్యాన్సర్‌కి రేడియేషన్, అంటే మీరనే కరెంటు, మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఇస్తారు. మధ్యలో గ్యాప్ వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి, ఇన్నాళ్లు అమ్మ పడిన బాధకు ఫలితం తగ్గిపోతుంది. రెండో మూడో వారంలో నోరు పూయడం చాలామందికి వచ్చేదే, వైద్యం వికటించినట్టు కాదు, అంతా పూర్తయ్యాక ఎక్కువమందికి కొన్ని వారాల్లో మానుతుంది. మందులున్నాయి, ముద్ద దిగకపోతే ముక్కులోంచి ట్యూబు వేసైనా ఆహారం ఇస్తారు. ఈరోజే ఫోన్ చేసి బయల్దేరండి.

నొప్పికి ఏం వాడుతున్నారో మీరు రాయలేదు, నా భయమంతా అక్కడే. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత డైక్లోఫినాక్ సూది వేయించేయడం మనవాళ్లకి అలవాటు. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బుల గురించి మీకు నేను చెప్పాలా? చీటీ చూడండి, కీమో మందు సిస్‌ప్లాటిన్ అయితే అదీ కిడ్నీల మీద భారం వేసేదే, పైగా నీళ్లు సరిగా తాగలేక ఒళ్లు ఎండిపోయి ఉన్న మనిషికి ఈ సూదులు కూడా తోడైతే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. దయచేసి వద్దు. వెళ్లగానే క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) గురించి అడగండి. జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, నీళ్లు కూడా దిగకపోయినా ఆ రోజే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈలోగా గోరువెచ్చని నీళ్లలో కొంచెం ఉప్పు, వంటసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. పసర్లు రాయొద్దు, కారం, పులుపు వద్దు, చుట్ట అసలే వద్దు. దిగితే చల్లారిన చోడి (రాగి) అంబలి, పెరుగు, మెత్తగా ఉడికిన గుడ్డు పెట్టండి. నోరు ఎండిపోవడం, రుచి తెలియకపోవడం నెలల తరబడి ఉండొచ్చు. ఒకటి మాత్రం రాసిపెట్టుకోండి, ఏళ్లు గడిచాక అయినా సరే, రేడియేషన్ డాక్టరుని అడగకుండా పన్ను తీయించొద్దు, దవడ ఎముక మానకుండా పోవచ్చు.

జుట్టు రేడియేషన్ పడినచోటే రాలుతుంది, తల మీద మొత్తం పోదు. కీమో వల్ల కాస్త పలచబడొచ్చు. బయట మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు, మనవలు నిక్షేపంగా పక్కన పడుకోవచ్చు. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి. కీమో కొనసాగించాలా, మార్చాలా అన్నది అమ్మను చూస్తున్న డాక్టరే చెప్పాలి, చూడకుండా నేను చెప్పకూడదు.