టెక్నిక్స్ కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాము. ఉద్యోగం చేసుకుంటూనే వారాంతాల్లో తెలుగువారి పెళ్లిళ్లకు, సంగీత్ కార్యక్రమాలకు డీజేగా వెళ్తున్నాను. కార్యక్రమానికి 300 డాలర్ల వరకు వస్తాయి. ఇప్పటిదాకా కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని పాటలను బటన్లతో నడిపే పరికరం) వాడాను, ఇకపై ల్యాప్‌టాప్‌లోని పాటలను టైమ్‌కోడ్ రికార్డులతో నడపాలనుకుంటున్నాను. అందుకు రెండు టర్న్‌టేబుళ్లు (రికార్డులను తిప్పే యంత్రాలు) కావాలి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే7 జత 2,200 డాలర్లు, ఆడియో-టెక్నికా ఎల్‌పీ140ఎక్స్‌పీ జత 800 డాలర్లు పడుతున్నాయి. చవకవి కొంటే రెండేళ్లలో మళ్లీ టెక్నిక్స్ కొనక తప్పదని స్నేహితులు అంటున్నారు. ఇందుకోసం 900 డాలర్లు దాచాను. మిగిలిన 1,300 డాలర్లను 6,000 ఉన్న అత్యవసర నిధి నుంచి తీయాలా, లేక 24 శాతం వడ్డీ పడే క్రెడిట్ కార్డు మీద రెండేళ్లలో తీర్చుకోవాలా? ఇంటి ఖర్చు నెలకు 3,800 డాలర్లు. గ్రీన్ కార్డు ఉంది.

జవాబు: రెండూ వద్దు. దాచుకున్న 900 డాలర్లలో నుంచి 800 డాలర్ల జతను కొనుక్కోండి. టెక్నిక్స్ నాణ్యత మీద నాకు సందేహం ఉండి ఈ మాట చెప్పడం లేదు. మీ పనికి ఆ నాణ్యతలో ఎంత భాగం ఉపయోగపడుతుంది, దాని కోసం మీరు చేయబోయే అప్పు ఎంత అన్న రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూసి చెబుతున్నాను.

ఎస్ఎల్-1200 మొదట 1972లో వచ్చింది. 1979లో వచ్చిన ఎంకే2 రూపమే క్లబ్బులకు ప్రమాణంగా స్థిరపడింది. మోటారు నేరుగా ప్లాటర్‌ను (రికార్డు పెట్టే పళ్లేన్ని) తిప్పడం, క్వార్ట్జ్ నియంత్రణ వల్ల వేగం చెదరకపోవడం, వేగాన్ని పెంచి తగ్గించడానికి నిలువుగా జరిపే పిచ్ స్లైడర్ ఉండడం దానికి కారణాలు. అయితే ఒకసారి ప్రమాణమయ్యాక దాన్ని అలా నిలబెట్టింది మరొక సంగతి: ఏ నగరంలో ఏ క్లబ్బుకు వెళ్లినా అదే యంత్రం చేతికి దొరుకుతుందన్న భరోసా. అంటే ఈ ప్రమాణం వల్ల ఎక్కువ లాభపడేది ఇతరుల పరికరాల మీద వాయించే డీజే. మీరు కల్యాణ మండపానికైనా, బాంక్వెట్ హాలుకైనా మీ సామాను మీరే మోసుకెళ్తారు కాబట్టి ఆ భరోసాకు మీరు డబ్బు చెల్లించనవసరం లేదు. పైగా ఈ రోజు క్లబ్బులలో ఆ స్థానాన్ని చాలావరకు పయనీర్ సీడీజేలు (డీజేల డిజిటల్ ప్లేయర్లు) తీసుకున్నాయి.

ఇక శబ్దం సంగతి. టైమ్‌కోడ్ రికార్డులో పాట ఉండదు, ఒక సంకేతం మాత్రమే ఉంటుంది. సూది ఆ సంకేతాన్ని చదివితే, దాని ప్రకారం సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లోని ఫైలును ముందుకూ వెనక్కూ నడుపుతుంది. అతిథుల చెవిన పడేది ఫైలులోని ధ్వనే గనుక, ఖరీదైన టర్న్‌టేబుల్ వినైల్ రికార్డు నుంచి రాబట్టే శ్రావ్యత మీ విషయంలో స్పీకర్ల దాకా చేరదు. మీకు కావలసింది వేగం స్థిరంగా ఉండడం, స్టేజీ కాస్త ఊగినా సూది గాడి తప్పకపోవడం. వేగం తడబడితే సాఫ్ట్‌వేర్ కూడా దాన్నే అనుసరించి పాటను తడబడనిస్తుంది. అందుకే బెల్టుతో తిరిగే చవక రకాల జోలికి మాత్రం వెళ్లకండి. మీరు చూసిన ఎల్‌పీ140ఎక్స్‌పీ మోటారు నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ రకమే, పిచ్‌ను 8, 16, 24 శాతాల పరిధుల్లో మార్చుకోవచ్చు కూడా. ప్లాటర్‌ను తిప్పే బలం విషయానికి వస్తే, ఎంకే7 ప్రారంభ టార్క్ 1.8 కిలోగ్రామ్-సెంటీమీటర్లు కాగా, దానికంటే తక్కువ ధరతో 2014లో వచ్చిన పయనీర్ పీఎల్‌ఎక్స్-1000ది 4.5. ప్రమాణమన్న పేరు ఉన్నంత మాత్రాన ప్రతి కొలతలోనూ అదే ముందుంటుందని అనుకోనక్కరలేదు.

మీ స్నేహితుల వాదనలో నిజం లేకపోలేదు. టెక్నిక్స్‌ను మళ్లీ అమ్మితే మంచి ధర పలుకుతుంది, ఆర్థిక సలహాదారుగా నేను దాన్ని తేలికగా కొట్టివేయలేను. మూడేళ్ల తరువాత టెక్నిక్స్ జత కొన్న ధరలో 70 శాతానికి, చవక జత 40 శాతానికి అమ్ముడుపోతాయని ఊహించుకుందాం. టెక్నిక్స్ మీద మీరు నష్టపోయేది 660 డాలర్లు, చవక జత మీద 480 డాలర్లు. మూడేళ్ల వాడకానికి తేడా 180 డాలర్లే! మీ చేతిలో 2,200 డాలర్ల నగదు ఉండి ఉంటే ఆ తేడా గురించి నేను వాదించేవాణ్ణి కాదు. కానీ 1,300 డాలర్లను 24 శాతం వడ్డీకి రెండేళ్ల వాయిదాల్లో తీరిస్తే నెలకు దాదాపు 69 డాలర్లు కట్టాలి, మొత్తం మీద వడ్డీయే 350 డాలర్లు అవుతుంది. అప్పుడు టెక్నిక్స్ అసలు ఖర్చు 1,010 డాలర్లకు చేరి, చవక జత ఖర్చుకు రెట్టింపు దాటుతుంది. మళ్లీ అమ్మితే వచ్చే విలువ అన్న వాదన నగదుతో కొన్నవారికే వర్తిస్తుంది.

అత్యవసర నిధిని ముట్టుకోవద్దనడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. నెలకు 3,800 ఖర్చున్న ఇంటికి 6,000 డాలర్లు రెండు నెలలకైనా చాలవు. ఉద్యోగం పోతే కొత్తది దొరకడానికి పట్టే కాలాన్ని తలచుకుంటే, ఆ నిధిని పెంచవలసిందే గాని తగ్గించకూడదు. పెళ్లిళ్ల మీద వచ్చే ఆదాయంలో కొంత భాగం ముందు అటే వెళ్లాలి.

మీ లెక్కలో కనిపించని ఖర్చులు కొన్ని ఉన్నాయి. ఎంకే7తో కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) రాదు, జతలోని రెండు యంత్రాలకూ విడిగా కొనాలి. ఎల్‌పీ140ఎక్స్‌పీతో డీజేలకు తగిన కార్ట్రిడ్జ్ వస్తుంది. సూదులు అరిగిపోతాయి కనుక మార్చుతూ ఉండాలి. కారులో తీసుకెళ్లడానికి గట్టి కేసులు కావాలి. అన్నింటికంటే ముఖ్యంగా, మీ కంట్రోలర్‌కు ఫోనో ఇన్‌పుట్‌లు (టర్న్‌టేబుల్ కేబుళ్లు తగిలించే చోట్లు) ఉన్నాయో లేదో, అది టైమ్‌కోడ్‌తో పనిచేస్తుందో లేదో ఈ రోజే చూసుకోండి. లేకపోతే మిక్సర్ కూడా కొనవలసి వస్తుంది, దాని ధర మీ ప్రణాళికనంతా తలకిందులు చేయగలదు. అలాంటి పక్షంలో టర్న్‌టేబుళ్లను కూడా కొన్ని నెలలు వాయిదా వేయమనే చెబుతాను.

పన్ను గురించి మీరు అడగలేదు గాని చెప్పడం అవసరం. మీ డీజే ఆదాయం షెడ్యూల్ సీలో (సొంత వ్యాపారపు లాభనష్టాలు చూపే పన్ను ఫారంలో) చూపవలసినది. ఏడాదిలో ఖర్చులు పోగా 400 డాలర్లు గాని అంతకు మించి గాని మిగిలితే మామూలు ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా పడుతుంది. దానికి బదులుగా వ్యాపారానికి కొన్న పరికరాన్ని ఖర్చుగా చూపుకోవచ్చు. ఒక్కో వస్తువు 2,500 డాలర్లు మించకపోతే, రిటర్నులో ఆ ఎంపికను పేర్కొని, మొత్తం ధరను అదే ఏడాది తీసివేయవచ్చు. ఈ సౌకర్యం రెండు రకాలకూ సమానమే కాబట్టి ఖరీదైనదే కొనాలనడానికి ఇది కారణం కాదు. ఈ పనిని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వ్యాపారంగా కాక సరదా వ్యాపకంగా భావిస్తే మాత్రం ఆదాయానికి పన్ను పడుతుంది, ఖర్చులు తీసివేయనివ్వరు. కాబట్టి రశీదులు, బుకింగుల వివరాలు, వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తప్పక ఉంచండి. మీకు గ్రీన్ కార్డు ఉంది గనుక ఇబ్బంది లేదు. ఇది చదివే హెచ్-1బీ వీసాదారులు మాత్రం డబ్బు తీసుకుని ఇలాంటి పని చేసే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని తప్పనిసరిగా అడగాలి.

రెండేళ్ల తరువాత మీ చేయి నిజంగానే స్క్రాచింగ్ (రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ కదిపి శబ్దం పుట్టించడం) మీద తిరిగి, చవక యంత్రం మీ వేగాన్ని అందుకోలేకపోతే, అప్పటి ఆదాయంతో పాత ఎంకే2 జతను వెతకవచ్చు. 2010లో తయారీ ఆగిపోయేనాటికే అవి విస్తారంగా అమ్ముడుపోయి ఉండడంతో వాడినవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొనే ముందు టోన్‌ఆర్మ్‌ను (సూదిని మోసే చేతిని) వేలితో మెల్లగా కదిపి వదులు ఉందేమో చూడండి, పిచ్ స్లైడర్‌ను ఒక చివర నుంచి మరో చివరకు జరిపి మధ్యలో ఎక్కడైనా వేగం గెంతుతోందేమో గమనించండి. స్లైడర్‌ను సున్నా దగ్గర ఉంచినప్పుడు ప్లాటర్ అంచున సరైన చుక్కల వరుస స్ట్రోబ్ వెలుగులో కదలకుండా నిలవాలి. ఎంకే2లో ఆడియో కేబుళ్లు లోపలే అతికించి ఉంటాయి గనుక, అవి చెడితే సోల్డరింగ్ పనికి అయ్యే ఖర్చును బేరంలోనే తగ్గించుకోండి.