సెవరెన్స్ వస్తున్నా 60 రోజుల గడియారం ఆగదు

మార్చి 14న ఉద్యోగం ముగిసింది, సెవరెన్స్ (ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) మే నెలాఖరు దాకా వస్తుంది, మరి హెచ్‌-1బీ (అమెరికా ఉద్యోగ వీసా)పై ఉన్నవారికి ఉద్యోగం పోయాక దేశంలో ఉండేందుకు ఇచ్చే 60 రోజుల గడువు జూన్‌లో మొదలవుతుందా అని అడిగారు. కాదండీ. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచే లెక్క. సెవరెన్స్‌తో దానికి సంబంధం లేదు. శని, ఆదివారాలు కలిపి మీకు మే 13 ఆఖరు రోజు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకుముందే ముగిస్తే ఆ తేదీయే హద్దు.

ఈ వెసులుబాటు 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న అమెరికా ఫెడరల్ నిబంధన 8 సీఎఫ్‌ఆర్ 214.1(ఎల్)(2)లో ఉంది. అందులో 'గరిష్ఠంగా 60' అనే ఉంది, అధికారులు తగ్గించవచ్చు కూడా. చివరి వారం దాకా ఆగకండి.

కొత్త కంపెనీ మీ కోసం వేసే హెచ్-1బీ పిటిషన్ (ఐ-129 ఫారం) మే 13లోపు అమెరికా ఇమిగ్రేషన్ విభాగం యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. కొరియర్‌లో వేసిన తేదీ చెల్లదు. చేరాక, ఆమోదం రాకముందే పనిలో చేరొచ్చు. ఆఫర్ ఆలస్యమైతే అదే గడువులోపు ఐ-539 ఫారంతో బీ-2 (సందర్శకుల) హోదాకి దరఖాస్తు చేయండి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే: అది పెండింగ్‌లో ఉంటే దేశంలో ఉండొచ్చు, పని చేయకూడదు. 60 రోజులు దాటాక వచ్చే హెచ్‌-1బీ పిటిషన్ ఆమోదం పొందేదాకా కొత్త ఉద్యోగంలో చేరడానికీ లేదు.